బాలిక ‘ప’

మూడో పేజీ ఇంకా వంటింటి గోడ మీదే ఉంది.

గురువారం పొద్దున తోటికోడలు నాలుగు అన్నం మెతుకులు మెదిపి దాన్ని అక్కడ అంటించింది. పొయ్యికి ఎడమవైపు, గ్లాసుల అర కింద, కూర్చుని తినేవాళ్ళ కళ్ళకి సరిగ్గా ఎదురుగా. ఇవాళ శనివారం. ఈ మూడు రోజుల్లో ఆ ఇంట్లో ఎవరు ముద్ద నోట పెట్టుకున్నా ఆ కాగితం మొహం చూస్తూ పెట్టుకోవాల్సిందే.

రాసినావిడకి అసలు ముద్ద దిగడమే లేదు. ఆవిడ ఆ ఇంటి పెద్దకోడలు. పదిహేడేళ్ళుగా బడిలో పాఠాలు చెబుతోంది కనక ఇంట్లో, వీధిలో, చివరికి అత్తగారి నోట కూడా టీచరమ్మే. నలభై దాటాక మళ్ళీ విద్యార్థిని అయింది. ఎమ్మెడ్ చదువు. చివరి ఏడాది అందులో ఒక ప్రత్యేకాంశం ఎంచుకోవాలి. బడి నిర్వహణ, మూల్యాంకనం, పసిపిల్లల విద్య, చదువులో వెనకబడిన పిల్లల విద్య అని నాలుగు ఇచ్చారు. మిగిలినవాళ్ళు ఏది తేలిక అని వాకబు చేస్తుంటే ఈవిడ నాలుగోదాని ఎదుట టిక్కు పెట్టి వచ్చేసింది. తన తరగతిలో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు పుస్తకం ముందు బిక్కమొహం వేసుకుని కూర్చోవడం, వాళ్ళకేం చెయ్యాలో తెలియక తను పై తరగతికి తోసెయ్యడం ఆవిడ మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ ముల్లు తీసుకుందామని వెళ్ళి, ఒక పిల్లని పరీక్ష చేసి రిపోర్టు రాయమంటే, ఇదిగో, ఇంట్లో పిల్ల గుండెలో దింపింది.

‘బాలిక ప. వయసు ఎనిమిదేళ్ళ నాలుగు నెలలు. చదివిన వాక్యాన్ని గ్రహించే శక్తి వయసుకు తగినట్టుగా లేదు. తీవ్రమైన లోపం. సాధారణ తరగతిలో కొనసాగించడం వల్ల ప్రయోజనం తక్కువ. ప్రత్యేక విభాగానికి సిఫారసు చేయడమైనది.’

ప అంటే పిచ్చుక. తోటికోడలి కూతురు. మాటలు వచ్చిన నాటి నుంచి నోరు మూతపడని పిల్ల కనక ఇంట్లో ఆ పేరు ఖాయమైపోయింది. ఇలాంటి రిపోర్టుల్లో పిల్లల పేరు రాయకూడదు, ఒక్క అక్షరమే వెయ్యాలి. ఒక్క అక్షరం వేస్తే ఎవరికీ తెలియదనుకుంది టీచరమ్మ.

ఆ పిచ్చుక ఇప్పుడు పీట మీద కూర్చుని, గోడకేసి తిరిగి, పళ్ళెంలో మెతుకులు ఒక్కొక్కటే ఏరుకుని తింటోంది. బుధవారం సాయంత్రం బడి నుంచి ఆ రిపోర్టు కాపీ ఇంటికి వచ్చింది, అప్పటి నుంచి దాని నోట మాట లేదు. అడిగితే తల ఊపుతుంది, అంతే.

"ఆ కాగితం తీసెయ్యమ్మా. నన్నేమన్నా అను, పడతాను. పిల్ల ముందు మాత్రం వద్దు," అంది టీచరమ్మ గడప దగ్గరే నిలబడి.

తోటికోడలు కూర తరుగుతోంది. తలెత్తలేదు. "దానికి చదవడం రాదన్నావుగా అక్కా. ఇంక భయమెందుకు?"

"అది నేను..."

"నువ్వే రాశావు. ఎమ్మెడ్ చదివినదానివి రాశావు, హెడ్‌మాస్టరు సంతకం పెట్టాడు. సోమవారం నుంచి దాన్ని వెనక గదిలో కూర్చోబెడతారట. సైకిల్ స్టాండ్ వెనక గది. తొమ్మిది మంది పిల్లలు, ఒక ఆయా, రంగు పెన్సిళ్ళు. పలకరించే దిక్కు లేదు."

"ఆ గదికి టీచర్ని వెయ్యడానికే కదా నేను చదువుతున్నది. డిగ్రీ చేతికి రాగానే ఆ పోస్టు..."

మాట జారాక గాని టీచరమ్మకి తెలియలేదు. తోటికోడలు కత్తి పక్కన పెట్టింది.

"ఓహో. నీ గదికి పిల్లలు కావాలి కాబట్టి ఇంట్లో దాన్ని పంపావన్నమాట."

"అంత మాట అనకు."

"ఆట అన్నావు అక్కా. ‘రావే పిచ్చుకా, మనిద్దరం ఓ ఆట ఆడుకుందాం’ అని మేడ మీదికి తీసుకెళ్ళావు. లారీ ఎక్కబోతున్న మీ మరిది చేత ‘ఏదో బడి కాగితం’ అని సంతకం పెట్టించావు. రెండేళ్ళు నీ శనివారాలన్నీ నేనే వండాను. నీ వంతు అంట్లు కూడా నేనే తోమాను. అక్క చదువుకుంటోంది, అక్క పైకి రావాలి అని. దేనికి తోమానో ఇప్పుడు తెలిసింది."

నిజానికి టీచరమ్మ పరీక్ష చెయ్యాల్సిన పిల్ల వేరు. పక్క వీధి పాప. గడువు పది రోజులుందనగా వాళ్ళ కుటుంబం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. అయిదేళ్ళలో కోర్సు పూర్తి చెయ్యాలి, మధ్యలో మూడేళ్ళు ఆగిపోయింది కనక ఇది అయిదో ఏడు. కళ్ళెదుటే ఇంట్లో పిల్ల గంతులు వేస్తూ కనబడింది. ఫారంలో ‘పిల్లతో బంధుత్వం’ అన్న గడిలో ‘లేదు’ అని రాసేసింది.

వసారాలోంచి అత్తగారి గొంతు వినబడింది. "ఏం రాసి చచ్చారే ఆ కాగితంలో? మూడు రోజులుగా ఇంట్లో పీనుగ లేచినట్టుంది. ఒరే పెద్దాడా, నువ్వైనా చదివి చెప్పరా."

"ఏం లేదులేమ్మా," అన్నాడు పెద్దకొడుకు చెప్పులు వెతుక్కుంటూ.

పిచ్చుక లేచి పళ్ళెం తొట్టిలో పెట్టి, చెయ్యి కడుక్కుని, ఇద్దరి మధ్య నుంచి ఎవరినీ తాకకుండా బయటికి వెళ్ళింది.

* * *

ఆ పెద్దకొడుకు, అంటే టీచరమ్మ భర్త, ప్రింటింగ్ ప్రెస్సులో టైపు చేసే మనిషి. భార్య రిపోర్టు మొత్తం ఆయనే టైపు చేశాడు, ఆయనే బైండింగు చేయించాడు. అట్ట మీద బంగారు అక్షరాలు కూడా పోయించాడు.

"మీరైనా చూడలేదా? పేజీ పేజీ మీ చేతుల మీద నుంచే వెళ్ళిందిగా," అంది ఆవిడ గదిలోకి రాగానే.

"కామాలు చూశాను, పిల్లని చూడలేదు," అన్నాడాయన. తప్పించుకోవడానికి అన్న మాట కాదు. ఆయన అలాగే చదువుతాడు. రోజుకి అరవై పేజీలు కళ్ళ ముందు నుంచి పోతాయి, ఒక్కటీ లోపలికి దిగదు.

చెప్పులు తొడుక్కుంటూ నెమ్మదిగా అన్నాడు. "ఒకటి అడుగుతాను, కోప్పడకు. పిల్లకి నిజంగానే చదవడం రాదా? మొన్న ప్రెస్సుకి వచ్చినప్పుడు ట్రేలో ఉన్న శుభలేఖ గడగడా చదివింది."

"బట్టీ పట్టినవి చదువుతారండీ పిల్లలు. పరీక్ష వేరు." ఈ మాట ఆవిడ నెల రోజులుగా తనకి తనే చెప్పుకుంటోంది. పరీక్ష వేరు. లెక్క వేరు. తనకి అనిపించినదాన్ని నమ్మకూడదు, అంకెని నమ్మాలి అని రెండేళ్ళు నేర్పారు. ముప్ఫై నాలుగు మార్కులు వచ్చాయి. పట్టికలో చూస్తే ఎనిమిదేళ్ళ పిల్లలు నూరుమందిలో కింది నుంచి ఆరో స్థానం. చూసిన రోజు ఆవిడ రెండుసార్లు సరిచూసుకుంది. పట్టిక మూసి, నిజాయితీగా ఉండాలి అనుకుని, రాసింది.

అత్తగారు గుమ్మం పట్టుకుని లోపలికి వచ్చి మంచం చివర కూలబడింది. "ఏడేళ్ళ పిల్ల మీద ఇంత రాద్ధాంతమేంటే టీచరమ్మా?"

"ఎనిమిది దాటాయి అత్తయ్యా."

"ఎక్కడ దాటాయి? మేడ మీద రేకులు వేయించిన ఏడాది కదా అది పుట్టింది. పైన రేకుల మోత, కింద పసిదాని ఏడుపు, నా తల బద్దలైపోయేది. రేకులు వేయించి ఏడేళ్ళు. నువ్వే కదా ఆస్పత్రిలో పక్కనున్నది. నాకు చెబుతావేం?"

టీచరమ్మ నవ్వబోయి ఆగింది.

రేకులు. అవును. రేకుల వాళ్ళకి టీ పెట్టిచ్చి, అటునుంచి అటే ఆస్పత్రికి పరుగెత్తింది. వరండాలో బల్ల మీద జవాబు పత్రాలు దిద్దుకుంటూ కూర్చుంటే నర్సు వచ్చి ఆడపిల్ల అని చెప్పింది. దిద్దినవి ఆ ఏడు సంవత్సరాంత పరీక్షలవి. ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది రెండేళ్ళ కిందటి మాట. తోటికోడలు మందుల షాపులో మళ్ళీ కౌంటర్ దగ్గరికి వెళ్ళాలి, లేకపోతే ఆ పని పోతుంది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, చూసుకునే దిక్కు లేదు. బడిలో ఆరు నిండితేనే ఒకటో తరగతి. పిల్లకి అప్పుడే అయిదు నిండాయి. ‘అక్కా, నీ బడేగా, నువ్వు తలుచుకుంటే అవుతుంది’ అని తోటికోడలు గడ్డం పట్టుకుని బతిమాలింది. ఆస్పత్రి కాగితం పోయిందని ఒక అర్జీ, ఒక ప్రమాణపత్రం. పధ్నాలుగు నెలలు వెనక్కి జరిపిన పుట్టినతేదీ. అంతా టీచరమ్మ గుండ్రటి దస్తూరీయే.

ఆ తర్వాత ఆ తేదీ రిజిస్టరు ఎక్కింది. రిజిస్టరులో ఉన్నది ఆవిడకి వేదం. పదిహేడేళ్ళుగా ఏ పిల్ల వయసు కావాలన్నా రిజిస్టరే తెరిచింది, పిల్ల మొహం కేసి చూసి ఎరగదు. తను రాసిన అబద్ధాన్ని తనే రిజిస్టరులోంచి ఎత్తి రిపోర్టు మొదటి గడిలో పెట్టుకుంది. ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.

బీరువాలోంచి పట్టికల పుస్తకం లాగింది. పరీక్ష తేదీలోంచి అసలు పుట్టినతేదీ తీసేసింది. ఏడేళ్ళ రెండు నెలలు. ఏడేళ్ళ వరస మీద వేలు పెట్టి ముప్ఫై నాలుగు దాకా దిగింది. కింది నుంచి నలభై నాలుగో స్థానం. ఆ గడి పక్కన ‘సగటు’ అని ఉంది.

పిల్లకి ఏమీ లేదు. తనకంటే ఏడాది పెద్దపిల్లల మధ్య కూర్చుని, వాళ్ళ పాఠం చదువుతూ, ఇంకా సగటున నిలబడింది. అది బంగారం లాంటి పిల్ల. టీచరమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. అత్తగారు కంగారుపడి నీళ్ళు తెమ్మంది.

విషయం తెలిశాక భర్త మొహం తేటపడింది. "అయితే మంచిదే కదా. తప్పు దొరికింది. ఒక్క అంకె మార్చి మళ్ళీ ప్రింటు తీసిస్తాను. గంట పని."

"ఏ తేదీ చూపించి మారుస్తారు?"

ఆయనకి అర్థం కాలేదు.

"రిజిస్టరు తప్పు అని చెప్పాలి. చెబితే ఎవరు రాశారంటారు. తప్పుడు తేదీ తేలితే పేరు కొట్టేస్తామని బడిలో చేర్చిన ఫారం కిందే అచ్చేసి ఉంది. పిల్ల పేరు పోతుంది. రాసినదాని ఉద్యోగం పోతుంది."

ఆయన చెప్పులు విప్పి మళ్ళీ మంచం మీద కూర్చున్నాడు. ఆ పూట ప్రెస్సుకి వెళ్ళలేదు.

* * *

కాలేజీలో శనివారం మధ్యాహ్నం ఉద్యోగస్తులకి తరగతులు. రిపోర్టులు చూసే గైడ్ మేడమ్ గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ పొడవునా పాత విద్యార్థుల రిపోర్టులు. నీలం అట్టలు, బంగారు అక్షరాలు. టీచరమ్మది ఇంకా బల్ల మీదే ఉంది.

"మీదే చూస్తున్నాను. శుభ్రంగా రాశారు," అంది గైడ్ మేడమ్. మెచ్చుకోవడం ఆవిడకి అలవాటు లేని పని. "సోమవారం పదింటికి మౌఖిక పరీక్ష. అది అయితే ఇంక మీ పని అయినట్టే. ఏంటలా ఉన్నారు?"

"ఆ పిల్ల మా మరిది కూతురు మేడమ్."

గైడ్ మేడమ్ కళ్ళజోడు తీసింది. కాసేపు తుడిచింది. తుడవాల్సినంత మురికి దానికి లేదు.

"ఈ మాట నేను వినలేదు. వింటే బోర్డుకి రాయాలి. మీ ప్రత్యేకాంశం రద్దవుతుంది. ఇంకోటి ఎంచుకునే వీల్లేదు, మీకిది అయిదో ఏడు. సోమవారం పదింటి లోపల మళ్ళీ ఆలోచించుకుని, వినమంటే వింటాను."

"డిగ్రీ పోతే పోనీండి. రిపోర్టు రద్దయితే పిల్ల తన తరగతిలోనే ఉంటుంది కదా? అది చెప్పండి చాలు."

"ఉండదు."

"ఎందుకుండదు?"

"హెడ్‌మాస్టరు చేతిలో ఒక కాగితం పడింది. రద్దయిందంటే ఆయన ఇంకొకరిని పిలిచి మళ్ళీ పరీక్ష చేయిస్తాడు. అదే పరీక్ష, అదే రిజిస్టరు. ఇందులో మీరు భయపడాల్సిందేముంది? పిల్ల బాగుంటే అక్కడ తేలిపోతుంది."

టీచరమ్మకి ఆ పరీక్ష కళ్ళ ముందు మెదిలింది. మళ్ళీ అదే తేదీ, అదే వరస, అదే ఆరో స్థానం. ఈసారి రాసేది పెద్దమ్మ కాదు, ముక్కూ మొహం తెలియని మనిషి. దాన్ని కాదనడానికి ఇంక ఎవరూ ఉండరు.

"నేను మొదటి రోజు క్లాసులో ఏం చెప్పాను?" అంది గైడ్ మేడమ్. ఆవిడ గొంతు కొంచెం మెత్తబడింది. "మొదటి గడి జాగ్రత్త అన్నాను. వయసు. అది తప్పితే కింద ఎంత కష్టపడి లెక్కలు వేసినా అంతా తప్పే. మీరు వయసు సరిగ్గానే వేశారుగా?"

టీచరమ్మ ఆ మాటకి తలూపలేదు, అడ్డంగా తిప్పనూ లేదు. గైడ్ మేడమ్ చాలాసేపు చూసి, కళ్ళజోడు పెట్టుకుని, రిపోర్టుని తనవైపు లాక్కుంది.

"సోమవారం పదింటికి," అంది మళ్ళీ.

* * *

ఆదివారం ఎండ తగ్గాక తోటికోడలు మేడ మీద బట్టలు తీస్తోంది. టీచరమ్మ మెట్లెక్కి వచ్చి ఆమె పక్కన నిలబడి తనూ ఒక్కొక్క క్లిప్పే తియ్యడం మొదలుపెట్టింది. వద్దనలేదు తోటికోడలు. రమ్మననూ లేదు.

ఏడేళ్ళ కిందటి రేకులు తుప్పు పట్టి ఉన్నాయి. వాటి నీడలో నిలబడి టీచరమ్మ మొత్తం చెప్పింది. పక్క వీధి పాప దగ్గర మొదలుపెట్టి గైడ్ మేడమ్ గది దాకా. ఏదీ దాచుకోలేదు, ఎక్కడా తనని తను వెనకేసుకు రాలేదు.

తోటికోడలు చేతిలో పిల్ల గౌను అలాగే ఉండిపోయింది. "అంటే... పిచ్చుకకి ఏం లేదా అక్కా?"

"ఏం లేదు. అందరిలాంటి పిల్లే. ఏడేళ్ళదానికి ఎంత రావాలో అంతా వచ్చు."

గౌను మొహానికి అడ్డం పెట్టుకుని తోటికోడలు భోరుమంది. నాలుగు రోజుల నుంచి ఆవిడ కంట తడి లేదు. ఇంత కోపం కింద ఇంత భయం ఉందని టీచరమ్మ అప్పుడే చూసింది. భుజం మీద చెయ్యి వేస్తే తోసెయ్యలేదు.

ఏడుపు ఆగాక తోటికోడలు ముక్కు తుడుచుకుంటూ అడిగింది. "ఆ తేదీ ఎవరు రాశారు?"

"నేనే."

"ఎవరు రాయమన్నారు?"

టీచరమ్మ ఇంకో క్లిప్పు తీసి బుట్టలో వేసింది.

"చెప్పక్కా. ఎవరు రాయమన్నారు? గడ్డం పట్టుకుని బతిమాలింది ఎవరు?"

"ఇప్పుడవన్నీ ఎందుకు."

తోటికోడలు వేడి గచ్చు మీదే చతికిలబడింది. పెద్దకోడలు కూడా పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్య బట్టల బుట్ట. ఎవరు ఎవరిని తిట్టాలో తెలియక ఇద్దరూ వీధిలోకి చూస్తూ కూర్చున్నారు.

"నిజం చెబితే బడిలోంచి పంపేస్తారు. చెప్పకపోతే వెనక గదిలోకి పంపుతారు," అంది తోటికోడలు చివరికి. "నువ్వు చదువుకున్నదానివి. ఇందులో దానికి ఏది మంచిదో నువ్వే చెప్పు. చెప్పినట్టు చేస్తా."

రెండేళ్ళ చదువు, నాలుగు అరల పుస్తకాలు. ఈ ప్రశ్నకి అందులో జవాబు లేదు. టీచరమ్మ పుస్తకాల మాట వదిలేసి సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. పొద్దున్నే కూర్చుని రాసింది. హెడ్‌మాస్టరుకి ఉత్తరం. తప్పుడు తేదీ తనే రాశానని, పిల్ల తల్లిదండ్రులకి ఏమీ తెలియదని, నేరం మొత్తం తనదని, పిల్లని తరగతి నుంచి తియ్యొద్దని. అదే గుండ్రటి దస్తూరీ.

"ఏమీ తెలియదని రాశావేంటి? నాకు తెలుసుగా."

"ఒకరి మీద పడితే చాలు. ఇద్దరి మీదా ఎందుకు."

"ఇది ఇస్తే పిల్లని ఉంచుతారా?"

"తెలియదు. ఉంచకపోవచ్చు. కానీ దానికి చదువు రాదని మాత్రం ఎక్కడా రాసి ఉండదు."

తోటికోడలు ఉత్తరం రెండుసార్లు చదివింది. మడిచి మళ్ళీ అక్క ఒళ్ళో పెట్టింది. "ఇచ్చే ముందు ఒక్కసారి దాని చేత చదివించు. నేను నా చెవులతో వినాలి. అప్పుడు ఏదైతే అదే అయింది, పద, ఇద్దరం వెళ్దాం."

పిచ్చుకని కేకేశారు. పిల్ల మెట్లెక్కి వచ్చింది. పెద్దమ్మ సంచీలోంచి తీసిన పుస్తకం చూడగానే ఆగిపోయి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. ఆ రోజు పరీక్షలో నిలబడినట్టే నిలబడింది.

"రా తల్లీ. ఇది నీ కథల పుస్తకమే. తాబేలు కథ. నాకు చదివి వినిపించవూ?"

పిల్ల పుస్తకం కేసి చూడలేదు. పెద్దమ్మ చేతి కేసి చూసింది. అందులో గడియారం ఉందేమోనని, పెన్సిల్ ఉందేమోనని వెతికింది.

"ఇది ఆటా, పరీక్షా?"

నాలుగు రోజుల తర్వాత అది మాట్లాడిన మొదటి మాట. టీచరమ్మ రెండో చెయ్యి చాపి చూపించింది. "రెండూ కాదమ్మా. ఊరికే."

"నాకు రాదుగా పెద్దమ్మా."

"ఎవరు చెప్పారే రాదని?" అంది తల్లి ఆత్రంగా. "నీకన్నీ వచ్చు. పెద్దమ్మ లెక్క తప్పు వేసింది, అంతే. చదువమ్మా, నా బంగారు తల్లివి కదూ."

పిల్ల తల అడ్డంగా ఊపింది. కళ్ళు కిందికి దించి, పాఠం అప్పజెప్పే గొంతుతో, ఎక్కడా తడబడకుండా చెప్పుకుపోయింది.

"చదివిన వాక్యాన్ని గ్రహించే శక్తి వయసుకు తగినట్టుగా లేదు. తీవ్రమైన లోపం. సాధారణ తరగతిలో కొనసాగించడం వల్ల ప్రయోజనం తక్కువ."

పెద్దకోడలి చేతిలోంచి పుస్తకం జారి గచ్చు మీద పడింది. తోటికోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు చదివి వినిపించారే నీకు?" అంది తల్లి. "పెదనాన్నా?"

"ఎవరూ కాదు. నేనే. అన్నం తినేటప్పుడు రోజూ కొంచెం కొంచెం చదివా. మొదట్లో రాలేదు. తర్వాత మొత్తం వచ్చేసింది."

ఇద్దరు తల్లులూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఒకరు రాశారు, ఒకరు అంటించారు. మధ్యలో పీట మీద కూర్చుని పిల్ల చదువుకుంది.

టీచరమ్మ కూర్చునే పిల్ల ముందుకి జరిగింది. "చూశావా, అంత కష్టమైన కాగితం చదివేశావు. అది చదివినదానివి ఈ తాబేలు కథ చదవలేవా? ఒక్క వాక్యం. ఒక్కటంటే ఒక్కటి."

పిచ్చుక వంగి పుస్తకం తీసింది. అట్ట మీద దుమ్ము గౌనుకి తుడిచి, మూసే ఉన్న పుస్తకాన్ని జాగ్రత్తగా పెద్దమ్మ ఒళ్ళో, ఆ ఉత్తరం మీద పెట్టింది.

"ఇంక చదవను పెద్దమ్మా," అంది. "రేపు వెనక గదిలో చదవక్కర్లేదంట కదా."